తెరమీద ఏమీ లేదు

ఆ ఫలకమా? తుడిచి అక్కడే పెట్టెయ్ తల్లీ. ‘మచ్చలేని సేవకు’ అని రాసుంది కదూ, విమానాశ్రయం వాళ్ళే ఇచ్చారు మీ తాతయ్యకి. నిజమే, మచ్చ లేదు. మచ్చ పడాలంటే మనిషి ముందు ఏదో ఒకటి ఒప్పుకోవాలి కదా. మా అక్క మొగుడని చెప్పడం కాదుగానీ, బావ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది రాడార్లో కనపడలేదు మరి! టవర్లో ఆయన పెద్ద, నాది పక్క కుర్చీ. విమానాలకి దారి చెప్పడం, ఒకదానికొకటి తగలకుండా చూడడం, అదీ మా పని. మిగతావాళ్ళం రాడార్ తెరనీ చూసేవాళ్ళం, కిటికీలోంచీ చూసేవాళ్ళం. ఈయనకి తెర ఒక్కటే. ఇంట్లోనూ అంతేనమ్మా. కుళాయి కారుతోందండీ అని అక్క అంటే, బకెట్టు నిండిందా అనేవారు. నిండలేదంటే కారట్లేదన్నమాట. అక్క ఓ రోజు ఆ బకెట్టు పట్టుకొచ్చి... సర్లే, అది వేరే కథ.

ఏం చెబుతున్నాను? ఆఁ, విమానం నడిపే కెప్టెను ఒకాయన ఉండేవాడు. ఓ సాయంత్రం, ఇంకా పొద్దు గుంకలేదు, రేడియోలో ఆయన గొంతు వచ్చింది. మహా నిదానస్తుడు, తొందరపడి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ముందు ఏదో గుండ్రంగా వెలుగుతోందండీ, కదలట్లేదు, నాకూ నా పక్కాయనకీ కూడా కనిపిస్తోంది, కాస్త పక్కకి తిరగనిస్తారా అన్నాడు. బావ తెర చూశారు. “తెరమీద ఏమీ లేదు. లేనిదాన్ని తప్పించుకోడానికి దారెలా ఇస్తాను? నేరుగా రండి” అన్నారు. వెనకాల అంతమంది జనాన్ని పెట్టుకుని ఆ మనిషి ఏం చేస్తాడు? తిప్పేశాడు. క్షేమంగా దిగాడు కూడా, అదీ ఆయన చేసిన నేరం.

ఈలోగా మేం వరండాలోకి పరిగెత్తాం. ఉందమ్మా. నారింజరంగులో, నీళ్ళ ట్యాంకుకి పైన ఎవరో కూర్చోబెట్టినట్టు ఉంది. దయ్యమో, బెలూనో, నాకిప్పటికీ తెలీదు. బావ కూడా వచ్చారు. నా భుజం పక్కనే నిలబడి చూశారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. చూసి ఏం చేశారనుకున్నావు? లోపలికెళ్ళి ఆ వైపు కర్టెను లాగేశారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

తర్వాత విచారణ పెట్టారు. మాట వినకుండా దారి మార్చాడట, లేనివి చూస్తున్నాడట. మేమూ చూశామని బావ ఒక్క ముక్క అంటే ఆ కెప్టెను ఉద్యోగం నిలిచేది. నేనన్నాను. అంటే విచారణ చేసే అధికారి, నీ డ్యూటీ కుర్చీలో, వరండాలో చూసింది డ్యూటీలో చూసినట్టు కాదు, కూర్చో అన్నాడు. చూశావా తెలివి! ఇక బావైతే నీళ్ళు కూడా నమల్లేదు. తెరమీద ఏమీ లేదన్నారు, అంతే. అబద్ధమా అంటే కాదు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. ఆ కెప్టెన్ని పిచ్చి డాక్టరు దగ్గరికి పంపి, ఆనక తీసుకెళ్ళి సామాన్ల గోడౌన్లో కూర్చోబెట్టారు. మళ్ళీ ఎగరనివ్వలేదు. పైన విమానం పోతుంటే తలెత్తేవాడు కాదట పాపం. మీ తాతయ్యకి మాత్రం ఈ ఫలకం వచ్చింది.

చివర్లో ఆస్పత్రిలో ఆయన పక్కన నేనే ఉన్నాలే. ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “కిటికీ దగ్గర ఏదో వెలుగుతోందిరా. నీకూ కనిపిస్తోందా? కనిపిస్తోందని చెప్పరా” అన్నారు. భయపడిపోయారమ్మా, చిన్నపిల్లాడిలా. మంచం పక్కన గుండె కొట్టుకోవడం చూపించే పెట్టె ఉంటుందే, నేను దానివైపు చూశాను. కిటికీవైపు చూడలేదు.

“తెరమీద ఏమీ లేదు బావా” అన్నాను.

...అదేంటి, ఇంకా తుడుస్తూనే ఉన్నావా? అంత రుద్దితే అక్షరాలు పోతాయి. పెట్టెయ్ అక్కడ.