లినక్స్‌ను ఊడదీసిన పరుశురాం

వలస వచ్చిన తెలుగు నేతకార్మికులుండే నవాగామ్‌లో బుచ్చవ్వ చాయ్ బండి దగ్గర పరుశురాం నోరు తెరిచాడంటే, గ్లాసులు ఖాళీ అయినా ఎవరూ లేవరు. ఆ రోజు నవతకు మాత్రం లేచి పారిపోవాలనే ఉంది. ఏం లాభం, ఆమె ల్యాప్‌టాప్ ఆయన ఒడిలో ఉంది.

నర్సింగ్ కోర్సు ఫారం సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. ఈసారి తప్పితే మరో ఏడాది అమ్మ పక్కన కూర్చుని కూలికి చీరలకు మెరుపు రాళ్ళు అతికించడమే. అంతా నింపి, చివరికి పేరు రాయబోతుంటే కీబోర్డ్ మొరాయించింది. టకటకా ఎన్నిసార్లు కొట్టినా ఒక్క అక్షరం పడదు. ఆపి మళ్ళీ వేద్దామంటే నింపినదంతా పోతుందని భయం. పాత ల్యాప్‌టాప్, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ లినక్స్. బాగుచేసే దుకాణానికి పరుగెడుతుంటే దారిలో పరుశురాం ఆపి, ఏదీ చూద్దామంటూ ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకున్నాడు. నాన్నతో పాటు మిల్లులో మగ్గాలు నడిపే పెద్దమనిషి, చేతిలోంచి లాక్కుంటే ఏం బాగుంటుంది?

"లినక్సా? కూసో బిడ్డా. మొన్న మా మిల్లుల డిజైన్లు గీసే కంప్యూటర్‌కు గిదే బీమారి. ముంబై నుంచి ఒక ఇంజినీరు వచ్చిండు, బెంగుళూరు నుంచి ఇంకొకడు ఇమానంల వచ్చిండు, ఇద్దరు తల పట్టుకొని కూసున్నరు. సేటు నా దిక్కు చూసిండు. జర పక్కకు జరుగుండ్రి అన్న. స్క్రూడ్రైవర్ పెట్టి లినక్స్‌ను ఊడదీసిన, కిరసనాయిల్ల కడిగిన, ఎండల ఆరబెట్టిన."

నవత నుదురు కొట్టుకుంది. లినక్స్ ఊడదీసే సామాను కాదని చెప్పబోయి, ఫోనులో టైం చూసుకుంది. నాలుగూ ముప్పై ఐదు. "కాకా, ఐదుగొట్టంగనే బంద్ అయితది. జల్దీ ఇయ్యరాదు."

"ఇస్త, ఇనుకో. ఆ తర్వాత ఏమైందో తెల్సా? కీబోర్డ్‌ను బోర్లేసి ఒక్కటి కొట్టిన. దూది రాలింది. పిడికెడు అనుకుంటున్నరేమో, మూడు బస్తాలు. సేటు ఊకుంటడా? వడికిపిచ్చిండు, నేపిచ్చిండు. ఆరు చీరలైనయి. సేటు పెండ్లాం దీపావళికి అండ్లదే ఒకటి కట్టింది."

"ఆరేనా?" అన్నాడు రఘుపతి, చాయ్ ఊదుకుంటూ. ఆయనా అదే మిల్లు మనిషి.

"జాకెట్ ముక్కలు లెక్కవెట్టలే."

అందరూ నవ్వారు. నవతకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. నించుంది, కూర్చుంది, మళ్ళీ నించుంది. ఈయన కోతలకు తన ఏడాది బలి అవుతోందని ఏడుపొచ్చింది.

"అసలు ముచ్చట ముందున్నది. గప్పుడు నేను గిట్ల ఒక్క అక్షరం మీద ఏలు వెట్టిన." పరుశురాం ల్యాప్‌టాప్ మీద చూపుడువేలు ఆనించి, మొహం జనం వైపు తిప్పాడు. "వెట్టుడే ఆలస్యం, నాలుగు వందల మగ్గాలు ఎనుకకు తిరిగినయి. నేసిన గుడ్డంత మళ్ళ నూలైంది. గంతటితోని ఆగిందా? ఆడ బార్డోలీల చక్కెర మిల్లు గూడ ఎనుకకు తిరిగింది. చక్కెర మళ్ళ చెరుకైంది, చెరుకు లారీలెక్కి పొలాలకు వాపస్ పోయింది, కోసిన రైతులే మళ్ళ నాటలేక సచ్చిన్రు. ఆఖరికి కంప్యూటరే తెలుగుల రాసింది, పరుశురామన్నా, తప్పైంది, ఏలు తియ్యి అని. నేను తీసిన్నా? తియ్యలే."

నిజంగానే తియ్యలేదు. నవత తెర వైపు చూసింది. పేరు రాసే గడిలో ఒకే అక్షరం వరుసగా పడుతూ పోతోంది.

కొడితే పడనిది, నొక్కిపట్టి ఉంచితే పడుతోంది. అంటే కీబోర్డ్ చెడిపోలేదు, మందగించింది. షిఫ్ట్ మీద వేలు ఎనిమిది సెకన్లు ఉంచితే లినక్స్ ఇలా అయిపోతుందని, మళ్ళీ అంతసేపే ఉంచితే మామూలవుతుందని కాలేజీ ల్యాబ్‌లో సారు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఇందాక ఇంటిపేరు రేషన్ కార్డులో ఎలా ఉందని అమ్మను అడుగుతూ, తను అలాగే షిఫ్ట్ మీద వేలుంచి కూర్చుంది.

మర్యాద పక్కన పెట్టి ల్యాప్‌టాప్ లాక్కుంది. షిఫ్ట్ నొక్కి, ఎనిమిది దాకా పైకే లెక్కపెట్టింది. గడిలో పడినవి చెరిపి పేరు కొడితే ప్రతి అక్షరం పడింది. ఐదుకు మూడు నిమిషాలుందనగా ఫారం వెళ్ళింది. అందినట్టు తెర మీద కనబడేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూసిన్రా నా ఏలు మహిమ?" పరుశురాం మీసం దువ్వాడు. "మిల్లుల గూడ అచ్చం గిట్లనే..."

"కాకా, లినక్స్ ఊడదీసేది గాదు, కడిగేది అసలే గాదు," అంది నవత. ఇప్పుడు ఆమెకూ నవ్వొచ్చింది. "మాట్లాడుకుంట మాట్లాడుకుంట నువ్వు ఏలు తీసుడు మరిచినవ్. గంతే నువ్వు చేసింది. నీ కోతలు జర పొట్టిగ ఉంటే ఏలు జల్దీ తీస్తుంటివి, నా ఫారం ఆన్నే ఆగుతుండె."

రఘుపతికి చాయ్ పొలమారింది. పరుశురాం ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

బుచ్చవ్వ ఆ గ్లాసు తీసుకుని చాయ్ పోసింది. "పరుశురాం, నీ ముచ్చట్లల్ల నిజంగ అయింది గిదొక్కటే బిడ్డా. దీన్ని రేపు నువ్వు ఎవ్వలకు చెప్పినా నమ్మరు."