ఒంటివేలు

హలో… ఆ, నేనేనండీ, రిపేరు షాపే. ఏ ఫోను, ఏం పగిలింది?…

ఫోను కాదా… ట్యాబా… పాటలూ సినిమాలూ పెట్టుకునే ఆ పాత ట్యాబా… అమ్మా, ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దానికి స్పేర్లు కూడా—

ఆ… ఎవరిచ్చారు నా నంబరు?… అవును, దానికి లోపలి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో నేనొకణ్ణి. కంపెనీ గాలికొదిలేస్తే మేం పదిమందిమి చేరి సొంతంగా రాసుకుని అందరికీ ఊరికే పంచుతున్నాం. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. జీతమూ లేదు భత్యమూ లేదు… అవును, గ్రూపులో నా పేరు చీమ. ఇంతకీ మీరెవరండీ?…

…

ఒక్క నిమిషం. ఈ వేడిగాలి మిషను ఆపుతాను, సరిగ్గా వినపడలేదు… ఆ. ఇప్పుడు చెప్పండి. మేస్త్రీగారి భార్యా మీరు?…

బొమ్మల టీచరుగారు… తెలుసు. మా టీచరమ్మ టీ ఇచ్చింది, తాగొస్తాను అని రాసేవారు మధ్యమధ్యలో. ఆయన మాకు రాసినవాటిలో మనిషి మాట అదొక్కటే లెండి… మేస్త్రీ అని మేం పెట్టిన పేరే. ఆ సాఫ్ట్‌వేర్‌కి పునాది తవ్వింది ఆయనే మరి. కాదనను.

ఎలా ఉన్నారు?… కుడివైపు పడిపోయింది, తెలుసు… మాట ఇంకా రాలేదా… ఎడమచెయ్యి చూపుడువేలొక్కటే… ఊఁ… ఊఁ…

పొద్దున్న ఏమైంది?… వైఫై తగలగానే కొత్త వర్షన్ ఎక్కించుకుంది. ఎక్కించుకుంటుంది, అలా పెట్టింది కూడా ఆయనే. జనం ఒట్టి బద్ధకస్తులు, చెప్తే వినరు, దానంతట అదే ఎక్కాలి అని… ఆ తర్వాత?… ఒంటివేలు మోడ్ కనపడట్లేదా.

కనపడదండీ. తీసేశాం.

తీసేశాం అంటే తీసేశామే. ఎక్కడా దాక్కోలేదు, వెతక్కండి.

బాబూ, ఆ కవర్లు ముట్టుకోకు, ఏది కావాలో చెప్తే నేనిస్తాను… మిమ్మల్ని కాదు టీచరుగారూ. చెప్పండి.

నాకు తెలుసండీ అదేం చేస్తుందో. తెర మీద ఎక్కడ ఆనించినా పాట మొదలవుతుంది, మళ్ళీ ఆనిస్తే ఆగుతుంది. అలాగే ఆనించి ఉంచితే గంట మోగుతుంది… ఆ గంటకే మీరు వంటింట్లోంచి వచ్చేవాళ్ళా… ఓహో. దాహమైనా అదే గంట, బాత్రూమైనా అదే గంట… పొద్దున మీరు మేడ మీద బట్టలు ఆరేస్తున్నారు, గంట మోగలేదు… కిందికొచ్చేసరికి పక్కంతా తడిసిపోయి… ఇంకా అద్దం మీద వేలు ఆనిస్తూనే ఉన్నారా…

ఏడ్చారా? మేస్త్రీగారా?… ఏమో లెండి. ఆయన ఏడిపించడమే చూశాం మేం.

కాలింగ్ బెల్ పెట్టుకోండి, బజార్లో బోలెడు… బొత్తం నొక్కే బలం లేదా. ఊరికే ఆనిస్తే పనిచేసేది ఇదొక్కటేనా… ఆహా.

పాత వర్షనా? ఎక్కదండీ. కొత్తది ఒకసారి ఎక్కిందా, పాతదాన్ని గుమ్మం తొక్కనివ్వదు. జనం వెనక్కి పోయి, ఎప్పుడో బాగుచేసిన తప్పుల గురించే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారని విసుగొచ్చి ఆ తాళం వేశారు… ఎవరా? ఇంకెవరు, మీ ఆయనే. తాళంచెవి ఎక్కడ పెట్టారో అడిగి చూడండి… అయ్యో, మాట రాదు కదూ. మర్చిపోయాను.

…

ఎందుకు తీశామంటే, మా దగ్గరొక పద్ధతుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ముక్కకీ దాని బాగోగులు చూసుకునే కాపరి ఒకరుండాలి. ఏదైనా తేడా వస్తే గ్రూపులో ఆ కాపరిని పిలుస్తాం. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఆ ముక్కని కోసి అవతల పారేస్తాం. ఒంటివేలు రాసింది మీ ఆయన, దానికి కాపరీ ఆయనే. పిలిచాం. పలకలేదు… ఎలా పలుకుతారంటే నేనేం చెప్పను? పద్ధతి పద్ధతే. అది పెట్టిందెవరో అడగరేం?… ఆ. ఆయనే.

లేదండీ, మిగతావాళ్ళకి తెలీదు. పెద్దాయనకి విసుగొచ్చి మానేశారనుకుంటున్నారు. ఒంటివేలు కోడ్ పంపినప్పుడు ఆయన నాకొక్కడికే రాశారు… కుడివైపు పడిపోయింది, ఒంటివేలితో టైపు చేశాను, సరిచూసి పెట్టు, ఎవరికీ చెప్పకు అని. నేనెవరికీ చెప్పలేదు. మాట మీద నిలబడ్డాను.

పిలిచింది నేనే. మూడుసార్లూ… మొదటిసారి పలక్కపోయేసరికే అర్థమైంది, ఆ వేలికి టైపు చేసే ఓపిక కూడా పోయిందని… ఆ, అర్థమయ్యే రెండోసారి పిలిచాను. అర్థమయ్యే మూడోసారి పిలిచాను. మీతో అబద్ధం దేనికి.

…

ఎందుకా… షాపులో జనం ఉన్నారు, అయినా చెప్తాను, వినండి. ఆ ట్యాబ్‌లో సినిమా చూస్తే కింద సబ్‌టైటిల్స్ పడతాయి చూడండి. అది మొదట రాసింది నేను, ఇప్పుడున్నది ఇంకొకళ్ళది. మా నాన్నకి చెవుడు. చదువుకుంటూ చూస్తాడని రాశాను. పగలంతా ఈ బల్ల మీద టంకం పొగ పీల్చి, ఇంటికెళ్ళి రాసుకునేవాణ్ణి. దానికి కాపరిని నేనే. మా నాన్న ఆస్పత్రిలో పడ్డాడు. మంచం పక్కన నేల మీద పడుకున్నాను, గ్రూపు ముఖం చూడలేదు. మేస్త్రీగారు పిలిచారు. మూడుసార్లు పిలిచి కోసి పారేశారు. నేను తిరిగొచ్చి, అయ్యా ఇదీ సంగతి, మా నాన్న పోయాడు అని రాస్తే అందరి ముందూ ఏమన్నారో తెలుసా? "ఇల్లు చూసుకునేవాడు ఇంట్లో ఉండాలి, ఇక్కడికి రాకూడదు" అన్నారు. అందరూ పళ్ళికిలించారు.

మీకు చెప్పలేదా… ఆయనకి గుర్తుంటేగా చెప్పడానికి. కొట్టినవాడు మర్చిపోతాడండీ. దెబ్బ తిన్నవాడికే గుర్తుంటుంది.

మీరెందుకు క్షమాపణ చెప్పడం, మీరేం చేశారు?… వద్దండీ, ఏడవకండి. మీ మీద నాకేం లేదు.

ఏంటీ… కాపరిగా మీరుంటారా? టీచరుగారూ, పిల్లలకి ఏనుగు బొమ్మ గీసిచ్చినట్టు కాదిది… నేర్చుకుంటారా. మంచిదే. అందాకా పక్క ఎండబెట్టుకుంటూ నేర్చుకుంటారా?

…

ఆ, మళ్ళీ పెట్టొచ్చు. కోసిన ముక్క ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంది. కాపరిగా నా పేరు రాసుకుని అతికిస్తే సరిపోతుంది, గంట పని. సాయంత్రానికి మీ ట్యాబ్ దానంతట అదే ఎక్కించుకుంటుంది… చదివానండీ, అక్షరం వదలకుండా చదివాను. ఒక్కవేలితో కొట్టిన కోడ్, వెతికితే ఒక్క తప్పు లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

చేస్తాను. ఊరికే కాదు… ఛ, డబ్బెవడిక్కావాలి. ఆయన నన్ను అడగాలి.

మీరడిగితే కాదు. ఆయన… మాట రాదని తెలుసు, మాటతో పనిలేదు. చెవులు వినపడతాయిగా?… మతి సరిగ్గా ఉందిగా?… నిక్షేపంగా ఉందా. చాలు. ఫోను ఆయన చేతికింద పెట్టి స్పీకర్ వెయ్యండి. తెర మీద అంకెలు తెరవండి… ఆ, నంబరు కొట్టే అంకెలే. ఏ అంకె మీద వేలు ఆనించినా ఇక్కడ నాకు టింగుమంటుంది. ఒక్క టింగు చాలు, అడిగినట్టే లెక్క… కింద ఎర్రదా? అది ఫోను కట్ చేసేది. దాని జోలికి పోనివ్వకండి.

మేడమ్, సాయంత్రం రండి… లేదు, ఇప్పుడు కుదరదు. బాబూ, నువ్వు కూడా. షట్టర్ దించుతున్నాను…

పెట్టారా?…

నమస్కారం మేస్త్రీగారూ. చీమని… ఊపిరి వినపడుతోంది. బాగుంది, అదైనా ఆడుతోంది.

సంగతి మీకు తెలుసుగా. మా నాన్న పోయాక మీకు రోజూ రాశాను, గుర్తుందా. నా ముక్క నాకు తిరిగి పెట్టండి, ఇకమీదట పిలిస్తే పలుకుతాను అని కాళ్ళావేళ్ళా పడ్డాను. మీరు జవాబే ఇవ్వలేదు. నేను మీలాంటివాణ్ణి కాదు. మీరడిగితే పెడతాను. చీమా, పెట్టు నాయనా అన్నట్టు ఒక్కసారి వేలు ఆనించండి, సాయంత్రానికి మీ గంట మీకొస్తుంది.

…

ఆవిడ పొద్దుట్నించీ మీ పక్క ఉతుకుతోంది. ఆవిడ మొహం చూసైనా ఆనించండి.

…

తొందరేం లేదు లెండి. షాపు మూసేశాను.

…

వేలు కదిలిందా టీచరుగారూ?… లేదా. కళ్ళు తెరిచే ఉన్నారా?… ఫోను వైపే చూస్తున్నారా… సరే, ఆగుదాం.

…

మేస్త్రీగారూ, ఇదేమన్నా పెద్ద పనా? పొద్దున్నంతా అద్దం మీద ఆనించారుగా. అలాగే. ఒక్కటి. ఏ అంకైనా సరే.

…

ఏదో ఒకటి చెయ్యండయ్యా. ఇంతకాలం తర్వాత మీ చేత ఒక్కటంటే ఒక్కటి… ఆనించండి. నేను పెడతానంటున్నాగా. ఇప్పుడే కూర్చుని పెడతాను. దయచేసి ఆనించండి.

…

ఆ, కదిలిందా! ఎటు?… కిందకా… కింద కాదండీ, అంకెలు పైన. చెయ్యి పట్టుకుని పైకి జరపండి… విదిలించుకున్నారా? మళ్ళీ పట్టుకోండి… పైకి, మేస్త్రీగారూ, పైకి… ఎర్రది కాదు, టీచరుగారూ, ఎర్రది కా—