షిల్లాకీ కారిద్దికీ నడుమ

హలో… ఆ, నేనే. ఎవరనుకున్నావ్, మెస్సీనా బిషప్పుగారనుకున్నావా? … ఫోర్తునాతాని. షిల్లా నుంచి. చేపల్ని కనిపెట్టమని నీ పడవ స్తంభం మీద పొద్దస్తమానం నిలబెడుతున్నావే, ఆ రొక్కో పెళ్ళాన్ని.

… బాగున్నానా? ఆహా, దివ్యంగా ఉన్నాను దొన్నా లెత్తేరియాగారూ. అంతా తమరి దయ.

… లేదు, ఇంకా ఇల్లు చేరలేదు. అందుకే చేశా. ఆయన వచ్చేలోపు నీతో నాలుగు మాటలు… ఆ, నీతోనే.

… తీరిక లేదా? చేసుకో. ఈ ఇరుకు సముద్రానికి అటు నువ్వు, ఇటు నేను. నడుమ తిరుగుతున్నది ఒక్క మగాడు. వాడు నా మొగుడు. అంచేత తీరిక చేసుకో.

మెడ ముక్క ఏది?

… ఏ మెడ ముక్కా? అమ్మ నా తల్లీ, ఏమీ ఎరగనట్టు! కత్తిచేప మెడ ముక్క! చేపని ముందు ఎవడు చూస్తే వాడింటికి మెడ ముక్క వెళ్ళాలి. బల్లెం విసిరినవాడికి కాదు, పడవ గల ఆసామికి కాదు — చూసినవాడికి. మా నాన్న స్తంభం మీద ఉన్నప్పుడూ అంతే, వాళ్ళ నాన్న ఉన్నప్పుడూ అంతే. పెళ్ళైన కాణ్ణుంచి ఏ ఎండాకాలమూ నా ఇంట్లో మెడ ముక్క వేగకుండా పోలేదు. ఈ ఏడు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. మూకుడు బోర్లించింది బోర్లించినట్టే ఉంది.

… చేపలు పడకపోవడమేంటి? బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాగా! … ఆ, బైనాక్యులర్స్ పెట్టుకునే చూస్తున్నా. సిగ్గెందుకు, నా మొగుణ్ణి నేను చూసుకుంటున్నా. మీవాళ్ళు చేపలు పడవలోకి లాగడం చూశా. మరి ఆ ముక్కలెక్కడికి పోయాయి? నీ మూకుట్లోకేగా? టమాటాలూ ఆలివులూ వేసి, కమ్మగా ఉడికించి, ఆయన్ని నీ బల్ల దగ్గర కూచోబెట్టి, ఇంకాస్త వెయ్యనా రొక్కో అంటూ…

… అరవకు. నేను అరవట్లేదు! … సరే, అరుస్తున్నా. నువ్వు మాత్రం అరవకు.

నీ మొగుడు ప్లాచిదో, పాపం, దేవుడి దగ్గరికెళ్ళాడు. పడవ నీ చేతికొచ్చింది. పడవతోబాటు మా ఆయన కూడా నీ వాటాకొచ్చాడనుకున్నావేమో. … ఆ, పాత సంగతులే తవ్వుతున్నా! నా వేలికి ఆయన ఉంగరం పడక ముందు నీ వీధి చుట్టూ ఎవరు తిరిగారో రెండు ఒడ్లకీ తెలుసు. నేను మర్చిపోయాననుకున్నావా? నేను అన్నీ మర్చిపోతాను, అదొక్కటి తప్ప.

… అదేం లేదంటే నమ్మాలా? రేవులో ఫెర్రీ ఎక్కేచోట నువ్వూ ఆయనా చెయ్యీ చెయ్యీ వేసుకుని నడిచారు. మా చెల్లెలు కళ్ళారా చూసింది. ఆయన చెయ్యి నీ చంకలో ఇరికించుకుని మరీ నడిచావట, కొత్త పెళ్ళికూతురిలాగా. మా పెళ్ళిలో చర్చి మెట్లు దిగేటప్పుడు కూడా ఆయన నన్ను అలా పట్టుకోలేదు.

… ఊరికే నడిచారా? … ఊరికే ఎవరూ అలా నడవరు.

ఇంకా చెప్పనా? పోయిన వారం రెజ్జో పట్నం వెళ్ళి జుట్టుకి రంగేయించుకొచ్చా. ఎరుపు. మామూలు ఎరుపు కాదు, బస్సులాగిపోయే ఎరుపు. … నవ్వావంటే చంపుతా! … ఇంటికొచ్చి ఎదురుగా కూచున్నాడు. సూప్ తాగాడు. రొట్టె తిన్నాడు. జుట్టు గురించి ఒక్క మాటంటే ఒక్క మాట లేదు. నాతో మాట్లాడుతూ నా పక్కనున్న గోడ వంక చూస్తున్నాడు! మగాడు పెళ్ళాం మొహంలోకి చూడలేకపోతున్నాడంటే దానర్థమేంటి? నువ్వే చెప్పు, నీకు బాగా తెలుసుగా.

స్తంభం మీదా అంతే. చేపని కనిపెట్టేవాడి తల ఒక్క క్షణం ఊరుకోదు. ఇటూ అటూ, ఇటూ అటూ. మా నాన్నకి నిద్రలో కూడా తిరిగేది. మా ఆయన తల ఇప్పుడు కదలట్లేదు. ఒకే వైపు. నీ ఇంటి డాబా వైపు. … సముద్రం వైపు కాదు, నాకు తెలీదా! నీ డాబాయే. నువ్వు బట్టలారేసుకునే డాబా.

… ఇవాళే ఎందుకా? ఉండు, అక్కడికే వస్తున్నా. పొద్దున రొట్టెల కొట్లో సాంతీనా చెప్పింది. ఇకిలిస్తూ చెప్పింది. నిన్న రేవు బార్లో మగాళ్ళందరూ, 'ఏం రొక్కో, ఎలా ఉందిరా సంగతి?' అంటే మా ఆయన, 'షిల్లాకీ కారిద్దికీ నడుమ ఉన్నానురా' అన్నాట్ట. బారంతా పగలబడి నవ్విందట. నవ్వరూ మరి? ఇంట్లో షిల్లాదాన్ని నేను, అవతల కారిద్ది ఒడ్డున నువ్వు!

… మామూలు మాటేలే. లోకమంతా అంటుంది. ఎటు తిరిగినా చావే అన్నప్పుడు ఎక్కడో మిలానోలో గుమాస్తా కూడా అంటాడు. వాడికేం, వాడు ఈ నీళ్ళెప్పుడు చూశాడు? మనకది కిటికీలోంచి కనబడుతుంది లెత్తేరియా. నా కిటికీ కింద షిల్లా రాయి, నీ గుమ్మం ముందు కారిద్ది సుడి. ఈ రాతికి భయపడి అటు జరిగిన ఓడని మీ సుడి మింగేది. సుడికి భయపడి ఇటు జరిగితే రాతిలోని మా షిల్లా రాక్షసి చేతికందిన మనుషుల్ని ఏరుకుతినేది. ఓడ నడిపేవాడు ఏదో ఒకటి ఒప్పుకోవాల్సిందే, రెండూ తప్పించుకునే దారి లేదు. అదీ ఆ మాట పుట్టుక. బాగానే ఉంది. అంటే ఏంటి, నేను మనుషుల్ని తినేదాన్నా? ఊరందరి ముందూ నేను కుక్కతలలదాన్నా?

… కారిద్దిని నీకంటగడితే నీకూ కోపమొచ్చిందా? రానీ. మీ కారిద్ది పుట్టుతిండిబోతు. ఎవరివో ఆవులు కాజేసి తింటే ఎత్తి సముద్రంలో పడేశారు. అయినా బుద్ధి మారిందా? సముద్రాన్నంతా మింగుతుంది, కక్కుతుంది, మళ్ళీ మింగుతుంది. పక్కవాళ్ళ సొత్తు కనిపిస్తే ఆగలేదు, అంతే.

మా షిల్లా అలా పుట్టలేదు. మా నాన్నమ్మ చెప్పేది… విను. పెట్టేశావంటే మళ్ళీ చేస్తా! షిల్లా ఆడపిల్ల. మామూలు పిల్ల. ఇదిగో ఈ రాళ్ళ మధ్య మడుగులో ఎండ తగ్గాక స్నానం చేసేది. చేపలు పట్టేవాడొకడు దాని మీద మనసుపడ్డాడు. వాడి మీదేమో ఒక మంత్రగత్తె మనసుపడింది. వాడు పొమ్మన్నాడు. ఆ మంత్రగత్తె వాణ్ణేమైనా అందా? అనలేదు! పోయి ఈ పిల్ల మడుగులో విషం కలిపింది. పిల్ల నడుం దాకా దిగిందో లేదో, ఒంటి చుట్టూ కుక్కలు మొలుచుకొచ్చాయి. ఇక మనుషుల్లోకి ఎలా వెళ్తుంది? ఈ రాతి గుహలో దూరి కూచుంది. ఇప్పుడు లోకానికి ఏం గుర్తుంది? షిల్లా మొరుగుతుంది, షిల్లా కరుస్తుంది. ముందు అదొక పిల్లేనని ఎవరికి గుర్తుంది? మడుగులో విషం పోసిందెవరని ఎవరడుగుతారు?

… ఆ, నిన్నే అంటున్నా. నువ్వే పోశావ్.

… ఏంటి?

… ఎవరింటికి? … కోసిమో ఇంటికా? మెడ ముక్కలన్నీ కోసిమో ఇంటికేనా? అదేంటి, వాడు స్తంభం మీద మా ఆయన పక్కన తోడు నిలబడేవాడేగా. ముందు చూసేది మా ఆయన కదూ…

… ఒక్క చేపని కూడా ఆయన ముందు చూడలేదా? … వేళాకోళం చెయ్యకు లెత్తేరియా. రొక్కో! నీళ్ళ కింద నీడ చూసి అది ఆడదో మగదో చెప్పే మనిషి!

… …

… ఎప్పట్నుంచి?

… కూచునే ఉన్నా. … లేదు, నిలబడున్నా. కూచుంటున్నా. చెప్పు.

… కంటి వెనక పొర. … ఎండిపోతోందా. … ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కలు మాత్రం మసగ్గా… మందు? … లేదన్నాడా. … ఏ డాక్టరు? మెస్సీనాలోనా? … ఓహో. రేవులో చెయ్యి పట్టుకున్నది అక్కణ్ణుంచి తీసుకొస్తూనా.

… అయితే గోడ వంక చూశాడంటే… నన్ను చూడ్డానికే గోడ వంక చూశాడన్నమాట.

… ఏడవట్లేదు! నాకు కోపమొస్తోంది. ఇందాకటికంటే ఎక్కువొస్తోంది! ఆ ముక్క నీ ఇంట్లో కూచుని తినున్నా బాగుండేది. వచ్చి నీ మూకుడు పగలగొట్టేదాన్ని, నీ జుట్టు పీకేదాన్ని, అయిపోయేది. భయం నీకు చెప్పుకున్నాడే! పక్కలో పడుకునేదాన్ని నేనూ, చెప్పుకోడానికి నువ్వూనా? డాక్టరు గది బయట బెంచీ మీద కూచోవాల్సింది నేను. ఆ చెయ్యి నాది లెత్తేరియా! నువ్వు పట్టుకున్నావ్!

… నాకెందుకు చెప్పలేదట? … ఏమన్నాడు? … మా నాన్నా? … ఔను, నిజమే. మా నాన్న ఆ కళ్ళు చూసే నన్నిచ్చాడు. నాకంటే ముందు చేపని చూసిన మొదటివాడు వీడే, పిల్లని వీడికే ఇస్తానని రేవులో అందరి ముందూ అన్నాడు. … అయితే? కళ్ళు చూసింది మా నాన్న! నేను చూసింది కళ్ళా? నవ్వితే కదుల్తాయి చూడు, ఆ చెవులు! ఆ చెవులు చూసి చేసుకున్నా ఆ పిచ్చి మనిషిని!

… నీకూ తెలుసా చెవుల సంగతి? … నోర్ముయ్.

… …

… అంటే బార్లో అన్నది మన గురించి కాదు. చెబితే స్తంభం దిగాలి, చెప్పకపోతే నేను నీ పేరు పెట్టి ఏడుస్తూ చావాలి. ఆ రెంటి నడుమ ఉన్నాడు. వాళ్ళు నవ్వుతుంటే నవ్వనిచ్చాడు… నేను తప్పుగా అనుకుంటుంటే అనుకోనిచ్చాడు. కళ్ళు పోయినవాడి కంటే తిరుగుబోతే నయమనుకున్నాడా నా ముందు?

… కాలు జారిందా? నిన్ననా? ఎంతెత్తులో… వద్దు, చెప్పకు. కోసిమో పట్టుకున్నాడా. దేవుడు చల్లగా చూడనీ వాణ్ణి. … మరి దించెయ్యవే! పడవ నీదేగా!

… ఔను. ఎందుకు దించావని అడుగుతారు. రెండు ఒడ్లూ అడుగుతాయి. రొక్కోకి చూపు పోయిందట అన్న మాట రేవులో ఒక్కసారి పడిందా, ఇక ఆ మనిషి గడప దాటడు. మంచం పడతాడు. … ఊరుకుంటే రేపు పొద్దున మళ్ళీ ఎక్కుతాడు. … నాకు తెలిసిందని నేనే చెబితేనా? ఊహూ. నా ముందు తలెత్తుకోలేడు, నేనెరుగుదును. … నువ్వూ ఇన్నాళ్ళూ ఇలాగే నలుగుతున్నావా? పైకి చూసినప్పుడల్లా గుండె ఆగుతోందా? … ఊఁ. నమ్ముతా. ఇష్టం లేకపోయినా నమ్ముతా.

… ఉండు. ఆలోచించనీ.

… లెత్తేరియా, ఇందాకట్నుంచి నిన్ను బాగానే తిట్టానా? … చాలదు. ఇంకా తిట్టాననుకో. చెవులు మూసుకునే బూతులు తిట్టాననుకో. రేపు ఆయన రాగానే పడవ దగ్గరే ఆపు. అందరూ ఉండగా. 'నీ పెళ్ళాం ఫోన్ చేసి నన్ను నానా మాటలూ అంది. మొగుడు పోయినదాన్ని, నాకో పరువుంది. నీ కళ్ళు ఎంత గొప్పవైనా సరే, నా పడవ ఎక్కకు' — అలా అను. కళ్ళ మాట మర్చిపోకు. ఎంత గొప్పవైనా సరే. అది గట్టిగా అను, చివరివాడికి కూడా వినబడాలి. కోసిమో నోరు నువ్వు కట్టు. ఈ రాత్రి ఇక్కడి సంగతి నేను చూసుకుంటా.

… నా పేరేమవుతుందా? పోనీ. అంత మంచి చూపున్నవాణ్ణి ఆ గయ్యాళి కిందికి లాగిపారేసిందంటారు. కుళ్ళుబోతంటారు. షిల్లా మళ్ళీ మొరిగిందంటారు. మొరుగుతా. ఆయన తలెత్తుకుని దిగుతాడు, అది చాలు నాకు.

… ఏడవకు. నువ్వేడిస్తే నాకు మళ్ళీ మండుతుంది.

… లేదు, నీకు మంచిమాట చెప్పను. నోరు రాదు. మెడ ముక్క కూడా పంపకు, పంపితే ఆయనకి తెలిసిపోతుంది. ఇంకొకటి. ఈసారి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా. నా కళ్ళకేదో అయిందని వంక పెడతా, తోడు రమ్మంటా, అక్కడ కూచోబెడతా. ఆ చెయ్యి మళ్ళీ నువ్వు పట్టుకున్నావో, నిజంగానే కరుస్తా. … ఆ, నవ్వుకో.

… ష్! కింద తలుపు చప్పుడు.

… వస్తున్నాడు. మెట్టుమెట్టుకీ ఆగుతున్నాడు. నీ దగ్గర్నుంచి రావడానికి కాళ్ళు రావట్లేదనుకున్నా ఇన్నాళ్ళూ.

… ఫోన్ పెట్టను, బల్ల మీద పడేస్తా. నువ్వే పెట్టెయ్. … ఉండు, కిటికీలు తెరవనీ. వీధంతా వినాలి.

— ఏమయ్యా! వచ్చావా, రాజాధిరాజా! … ఎవరితోనా? ఇదిగో, నీ లెత్తేరియాతో! … అవును, తిట్టాను! మళ్ళీ తిడతా! అవతల వింటూనే ఉంది, విననీ! … రేపట్నుంచి నువ్వు ఆ స్తంభం ఎక్కావంటే ఈ గుమ్మం తొక్కనివ్వను! … కారణం లేదు! నాకు కుళ్ళు, అంతే! ఒళ్ళంతా కుళ్ళే! కళ్ళున్నాయి కదాని అన్ని ఒడ్లూ చూస్తావా! … వద్దు, నా దగ్గరికి రాకు! నా మొహం చూడకు! … ఏం అలా నిలబడ్డావ్? కుర్చీ నీ ఎడమ పక్కనే ఏడ్చింది, దాన్లో కూలబడు! … ఇటు, ఇంకాస్త ఇటు! … ఆ. కూలబడి విను!