తలుపులేసుకుని వండిన కూర

చీరాలలో మాణిక్యమ్మగారి ఇల్లు. వెనక వాటాలో అద్దెకుంటున్న హైమ మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ మూసుకుని వంట చేస్తోంది. తలుపు అవతల ఇంటావిడ.

"హైమా! తియ్యమంటన్నా గదా. లోపలున్నావని నాకు తెలుసు."

"వస్తన్నా పిన్నిగారూ, ఒక్క నిమిషం. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను, పొంగుతన్నాయి."

"నీళ్ళు పొంగితే పొంగనీ, పాలు కాదు గదా. తియ్యి."

"తలకి పోసుకుంటన్నానండీ."

"ఇప్పుడే పొయ్యి దగ్గరున్నానన్నావు. పొయ్యి మీద కూర్చుని పోసుకుంటన్నావా తలకి?"

"ఆఁ... వచ్చా, వచ్చా. చెప్పండి. ఏం కావాలి?"

"గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పమంటే ఏం చెప్పను? జరుగు. అబ్బబ్బ, ఏందే ఈ పొగ! అగరొత్తులు కట్టకి కట్ట వెలిగించావా?"

"శనివారం గదండీ. స్వామికి వెలిగించాను."

"ఇవాళ బుధవారం."

"అవునా? నేను శనివారమనుకున్నా."

"కిటికీలెందుకు మూశావు?"

"దోమలండీ."

"పన్నెండు గంటలకి దోమలా?"

"తలనొప్పిగా కూడా ఉందండీ. వెలుతురు పడట్లా."

"ఏదో ఒకటి పెట్టుకో. దోమలో, తలనొప్పో. ఆ గిన్నె మీద మూత తియ్యి."

"వద్దు పిన్నిగారూ."

"తియ్యి."

"ఎండు రొయ్యలండీ. వాసనొస్తుందని తలుపులేసుకున్నా. అంతే. ఒట్టు."

"మా ఇంట్లో మేం వండుకోమా ఎండు రొయ్యలు? నిన్నగాక మొన్న నీకే గిన్నెడు పంపించాను వంకాయలో వేసి. రొయ్యలకి తలుపులేసుకునేవాళ్ళు ఈ ఊళ్ళోనే లేరు."

"రొయ్యలేనండీ."

"ఒట్టేసి అబద్ధం చెప్పబాక, కళ్ళు పోతాయి. పెద్దకూర గదే అది? ఎండబెట్టిన గొడ్డు తునకలు. గోంగూర వేశావు. అవునా, కాదా?"

"పిన్నిగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళొదులు."

"మీరు పారెయ్యమంటే ఇప్పుడే పారేస్తా. గిన్నెతో సహా పారేస్తా. ఆయనకి కూడా తెలీదండీ నేను వండుతున్నట్టు. తెలిస్తే చంపేస్తాడు. శేషన్నకి మాత్రం చెప్పబాకండి."

"మెల్లగా మాట్లాడు. గోడ అవతల భ్రమరాంబ ఉంది. నా గొంతు కంటే దాని చెవి పెద్దది."

"చెప్పనని అనండి పిన్నిగారూ. మీ అబ్బాయికి చెప్పనని ఒక్క మాట అనండి."

"కాళ్ళు వదలవే ముందు. లే. కూర్చో ఆ పీట మీద. మీరు ఎస్సీలా? అడిగినదానికి చెప్పు."

"అవునండీ."

"మరి ఆ ఇంటిపేరు?"

"మా ఆయనా వాళ్ళ కరెంటాఫీసులో పెద్దాయనది. పొదిలివారని. మొదట చూసిన ఇళ్ళల్లో నిజమే చెప్పాం పిన్నిగారూ. ఒకళ్ళు సున్నాలు వేయించాలన్నారు. ఒకళ్ళు మా అన్నకొడుకు దిగుతున్నాడన్నారు. టూలెట్ బోర్డు మాత్రం తియ్యరు. ఆ అన్నకొడుకు ఇంకా దిగలేదు, ఇప్పటికీ బోర్డు ఉంది. అప్పుడు ఆయన ఆ పేరు చెప్పాడు, మీరు తాళం చేతిలో పెట్టారు."

"నేనేం అడగలేదుగా."

"శేషన్న అడిగాడండీ. 'మీరేమిటోళ్ళు' అని అడిగాడు."

"వాడు అడుగుతాడు. వాడికి అదొక్కటే తెలుసు అడగడం."

"ఇక్కడ మాకు ముందు అద్దెకున్న ఆ నర్సమ్మ సంగతి దిగిన తర్వాత తెలిసింది పిన్నిగారూ. ముందే తెలిస్తే ఈ వీధి మొహం చూసేవాళ్ళం కాదు. పెట్టెలో అంబేద్కర్ ఫోటో కనపడిందని సామానంతా రోడ్డు మీదకి విసిరేశాడంట గదా. వాళ్ళమ్మ లేవలేని మనిషంట. మంచంతో సహా తెచ్చి ఎండలో పెట్టారంట. నిజమేనా?"

"నిజమే."

"ఆ తర్వాత ఈ వాటా అంతా పసుపునీళ్ళతో కడిగించాడంట."

"కడిగించలేదు. నేనే కడిగాను."

"మీరా?"

"వాడు గుమ్మంలో నిలబడి చూస్తన్నాడు. కడిగాను. ఆ మూల మళ్ళీ కడుగు అన్నాడు. మళ్ళీ కడిగాను. సరే, అదంతా ఇప్పుడెందుకు? ఇది నీకెక్కడిది?"

"మా అమ్మ పంపించింది, మా ఊరి ఆటో అతనితో. పంచదార డబ్బాలో అడుగున పెట్టి పైన పంచదార పోసింది. నాకు నెల తప్పిందండీ. ఏది తిన్నా నిలవట్లేదు. అన్నం చూస్తేనే వాంతి. దీని మీదే మనసు. రాత్రి కల్లో కూడా ఇదే. ఒక్కసారి తిందామనుకున్నా. ఆయన ఆఫీసుకి, మీరు నిద్రకి, శేషన్న షాపుకి పోయాక ఎవరూ ఉండరనుకున్నా. మీకెవరు చెప్పారండీ?"

"దేవమ్మ."

"పెరట్లో అంట్లు తోమే దేవమ్మా?"

"ఆఁ. తోముతూ తోముతూ ముక్కు పైకెత్తింది. 'వెనక వాటాలో పిల్ల ఏం వండుతుందో పోయి చూడు' అంది."

"అయ్యో! మా మనిషే గదండీ ఆవిడ. రోజూ నేను కనపడితే నవ్వుతుంది. మా మనిషై ఉండి నన్ను పట్టిచ్చిందా? ఆవిడకేం వచ్చింది? ఇంటావిడ దగ్గర మంచి పేరు కోసమా?"

"నోర్ముయ్. దేవమ్మని ఒక్క మాటనొద్దు."

"మాణిక్యమ్మగారూ! ఓ మాణిక్యమ్మగారూ! ఈ వాటాలో ఉన్నారా?"

"పిన్నిగారూ! భ్రమరాంబగారు! తలుపు..."

"వేసింది చాలు, తలుపు వెయ్యబాక. నువ్వు ఆ గిన్నె దించి మంచం కిందకి తొయ్యి. ఎండుమిరపకాయలెక్కడ?"

"ఆ డబ్బాలో. ఎందుకండీ?"

"పెనం పెట్టు. గుప్పెడు తియ్యి. ఇంకా తియ్యి. ఉప్పు గళ్ళు కూడా. నువ్వు తూర్పుకి తిరిగి నిలబడు. ఎవరేమడిగినా దగ్గు. అర్థమైందా? మాట రానీబాక, దగ్గు."

"మాణిక్యమ్మగారూ! ఏందండీ, ఇక్కడేదో వాసనొస్తంది... అబ్బా! అబ్బబ్బా! ఏందీ ఘాటు!"

"రా భ్రమరాంబా, లోపలికి రా. ఈ పిల్లకి దిష్టి తీస్తన్నా. ఏది తిన్నా వాంతి చేసుకుంటంది."

"నేను... ఖళ్ళు ఖళ్ళు... నేను రాలేనండీ, ఇక్కడే ఉంటా. అంతకుముందు ఏదో నీచు వాసన కదా వచ్చింది?"

"ఎండు రొయ్యలు మాడబెట్టింది. కొత్త కాపురం, చెయ్యి తిరగలా."

"దిష్టి ఉంటే అసలు ఘాటే రాదంటారు గదండీ. నా ప్రాణం పోతంది ఇక్కడ."

"అంటే దిష్టి లేదన్నమాట. మంచిదేగా. నువ్వెందుకొచ్చావో చెప్పు."

"ఈ అమ్మాయి కోసమే. అమ్మాయ్ హైమా! మీరు పొదిలివారంట గదా, మొన్న మీ ఆయన్ని అడిగితే చెప్పాడు. మా మేనత్తని ఇచ్చింది పొదిలివారికే! అంటే మనం మనం చుట్టాలమే. నీకు నేను వదిన వరసో, పిన్ని వరసో తేల్చుకోవాలి. మీ మావగారి పేరేందమ్మా?"

"మా... ఖళ్ళు ఖళ్ళు..."

"మీ గోత్రం?"

"ఖళ్ళు ఖళ్ళు ఖళ్ళు..."

"దగ్గుతూ గోత్రం చెబుతుందా భ్రమరాంబా! చూడు, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి పిల్లకి."

"సరే సరే, నాకూ ఊపిరాడట్లా. తొందరేం లేదులే. శుక్రవారం మా బాబాయి వస్తన్నాడు మా ఇంట్లో వ్రతానికి. మావాళ్ళ ఇళ్ళన్నీ ఆయన నోట్లో ఉంటాయి. మూడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఆయన ముందు కూర్చోబెడితే చాలు, మనకి వరస తేలిపోతుంది. వ్రతానికి రావాలమ్మా, మీ ఆయన్ని కూడా తీసుకురా."

"వస్తుందిలే. నువ్వు పో, ఈ పొగకి నీకు ఆయాసం."

"పోతన్నా, పోతన్నా. మీ శేషు ఇంకా భోజనానికి రాలేదా? ఇందాక నాకు బజార్లో కనపడ్డాడు, వస్తన్నా అన్నాడు."

"వస్తాడు. పో."

"వస్తా మరి. ఖళ్ళు ఖళ్ళు..."

"పోయిందా చూడు."

"పోయింది పిన్నిగారూ. మీరు దేవత పిన్నిగారూ. నేనేమనుకున్నాను, మీరేం చేశారు! నా కడుపులో బిడ్డ మీద ఒట్టు, ఈ మేలు..."

"ఇంట్లో ఎన్ని సామాన్లున్నాయి?"

"ఏంటండీ?"

"ఖాళీ చెయ్యాలి. శుక్రవారం లోపల."

"ఇప్పుడే గదండీ కాపాడారు!"

"ఇవాళ మిరపకాయలు పనికొచ్చాయి. శుక్రవారం ఆ ముసలాయన ముందు ఎన్ని మిరపకాయలు మాడుస్తావు? మీ మావగారి పేరు చెప్పగలవా? ఆయన తండ్రి పేరు? గంటలో మా శేషుకి చేరుతుంది. ఈసారి కడుపుతో ఉన్న పిల్లని వాడు మెడ పట్టి బయటకి నెడుతుంటే నేను మళ్ళీ పసుపు కలపాలా? నావల్ల కాదు."

"ఎక్కడికి పోమంటారండీ? ఇంకో ఇంట్లో ఇంకో ఇంటిపేరు చెప్పమంటారా?"

"మీ పేరే చెప్పండి. దేవమ్మా వాళ్ళ వైపు ఇళ్ళున్నాయి. నేను కనుక్కుంటా."

"ఆయన ఒప్పుకోడు పిన్నిగారూ. 'మన బిడ్డ ఆ వీధి పేరు చెప్పుకోకూడదు' అంటాడు. దాని కోసమే గదా ఇన్ని అబద్ధాలు. కాకపోతే ఇంకాస్త జాగ్రత్తగా ఉంటాం. వ్రతానికి రాను, జ్వరమని పడుకుంటా. ఇవి మళ్ళీ జన్మలో వండను."

"ఇవి మానేస్తావు సరే. పురిటికి మీ అమ్మ రాదా?"

"వస్తుంది."

"ఆమె చెవులకున్న కమ్మలు చూసి, చీర కట్టు చూసి, మాట విని భ్రమరాంబ అడగదా ఎవరని?"

"ఎవరో ఒకరని చెప్తా. మా ఊరి నుంచి తెచ్చుకున్న పనామె అని చెప్తా. మా అమ్మ ఏమీ అనుకోదండీ. నా కోసం అంటే ఏమైనా..."

"ఆ మాట అనబాకే!"

"పిన్నిగారూ! చెయ్యి నొప్పండీ, వదలండి."

"నీ నోటి నుంచి ఆ మాట రాకూడదు. ఆకలితో చావు, చెట్టు కింద ఉండు, ఆ ఒక్క మాట మాత్రం అనబాక. ఒకసారి అంటే ఇంక మార్చుకోలేవు. తర్వాత నీ బిడ్డ ముందూ అదే మాట అనాలి. రోజూ అనాలి."

"ఏంటండీ మీరు ఇట్టా... మీరెందుకు ఏడుస్తన్నారు?"

"మిరపకాయల పొగ."

"మీకెందుకండీ అంత భయం? ఇల్లు మీది. కొడుకు మీవాడు. ఏమన్నా అయితే రోడ్డు మీద పడేది మేం."

"ఆ గిన్నె ఇటియ్యి. దేవమ్మకి ఇస్తా. గంప కింద పెట్టుకుని పోతుంది. సాయంత్రం ఆమె ఇంటికి పోయి కడుపునిండా తిను. ఆమే వేడి చేసి పెడుతుంది."

"నన్ను పట్టిచ్చిన మనిషి ఇంటికా?"

"పట్టివ్వలేదే పిచ్చిదానా. 'పిల్ల కడుపుతో ఉన్నట్టుంది, కోరికకి ఆగలేక వండుకుంటంది, భ్రమరాంబ పసిగట్టేలోపు పో, మిరపకాయలు మాడ్చు' అని నన్ను తరిమింది ఆమే."

"పనామె చెబితే మీరు నిద్ర లేచి పరిగెత్తుకొచ్చారా? అదుగో, బండి చప్పుడు పిన్నిగారూ. శేషన్న వచ్చేశాడు."

"గిన్నె కొంగు కింద పెడతా. నువ్వు కళ్ళు తుడుచుకో. దిష్టి తీశాననే చెప్పు. ఇంకేం చెప్పబాక."

"ఏయ్ ముసలీ! నీకెన్నిసార్లు చెప్పాలే గుమ్మం తొక్కొద్దని? పెరటి దారిన తగలడు! మంచినీళ్ళు కావాలంటే బయట నిలబడి అడుగు. అమ్మా! అమ్మా ఎక్కడున్నావు? దీన్ని మాన్పించమని చెప్పానా లేదా?"

"పాపం, దేవమ్మని అరుస్తన్నాడు. అయ్యో, గిన్నె పట్టుకోండి, ఒలికిపోతంది. రోజూ ఉండేదేగా ఇది. పనామెని ఒక మాటంటే మీరు ఇంత..."

"మెల్లగా మాట్లాడు హైమా, వాడు వింటాడు. ఆమె మా అమ్మ."