ఇల్లుబండిలో బుజ్జోడు

ఖతర్‌లోని అల్ తుమామాలో, యజమాని బాబా విల్లా వెనక షెడ్డు. సాయంకాలపు అసర్ నమాజుకు ఇంకా గంట పైన ఉంది. కొత్తగా కొన్న ఇల్లుబండి నీడలో డ్రైవర్ రామాంజులు, తోటమాలి జలంధర్, వాళ్ళిద్దరి మధ్య కోడి కార్జం గిన్నె, గిన్నె అవతల వేటకుక్క.

"తినలేదు గదా?"

"తినలే అన్నా. వాసన గూడ సూస్తలేదు. నా దిక్కు సూస్తున్నది, నేనేదో దాని కార్జమే కోసి పెట్టినట్టు."

"నువ్వు అరస్తాండావు జలంధరూ. మెల్లగా పిలవల్ల. బుజ్జోడా, తిను నాయనా... అని."

"బుజ్జోడా! తిను నాయనా!"

"అట్ల కాదప్పా. పోలీసోడు పిలిచినట్టుండాది."

"మూడు దినాల సంది పిలుస్తున్న. అసలు దీని పేరు బర్గ్ గదా, మెరుపు అని బాబా ముచ్చటపడి పెట్టుకున్నడు. గా పేరుతోని పిలుస్తె?"

"ఆ పేరు దానికి తెలీదు."

"తెల్వదా!"

"కాగితాల్లో ఉండాది. కుక్కకు తెలీదు."

"ఈ సంగతి బాబాకు ఎరుకనా?"

"బాబా అరబ్బీలో పిలిస్తే అది నా మొగం చూస్తాది, ఏమంటాన్నాడని. పో నాయనా, పిలస్తాన్నాడు అంటా నేను. అప్పుడు పోతాది. తను పిలిస్తేనే వచ్చిందనుకుంటాడు బాబా."

"కుక్కకు తెలుగు నేర్పినవా అన్నా?"

"నేర్పలా. వచ్చేసింది. పాలు తాగే పిల్లప్పుడు తెచ్చి నా రూములో పడేసినారు. మాట్లాడేదానికి ఇంగెవురుండారు? అప్పటికి నువ్వూ రాలేదు, వంటింటి పెద్దక్కా రాలేదు."

"నువ్వు మాట్లాడుతవా? నాతోని దినానికి నాలుగు మాటలు మాట్లాడవ్."

"దానితో మాట్లాడతా."

"మంచిగనే అయింది. ఇప్పుడు గీ ఇల్లుబండి ఎక్కి సిరియాకు షికారు పోవాలె దొర. లోపట మంచం ఉన్నది, పొయ్యి ఉన్నది, లెట్రిన్ గూడ ఉన్నది. దీనికి వేరె ఏసీ. నేను క్యాంపుల ఉన్నప్పుడు పదహారు మందికి ఒక్క ఏసీ."

"దేశం దాటేది దానికి ఇదే మొదలు. అందుకే బాబాకు గుబులు, దారిలో తిండి మానుకుంటాదేమో అని."

"దాని కాగితాలు అయినయా?"

"అయినాయి. టీకా బుక్కు, డాక్టర్ సర్టిఫికెట్టు, ఫోటో. ఫోటో మూడు తూర్లు తీయించినారు, కండ్లు మూసిందని. నా పాస్‌పోర్టులో నేను కండ్లు మూసుకోనే ఉండా. ఒక్క తూరే తీసినాడు నాకు."

"బండి నువ్వే నడుపుతవా?"

"లేదు. మేడం తమ్ముడు నడుపుతాడంట. నేను యెనకాల కుక్క పక్కన కూర్చోని రెండుపూటలా తినిపించల్లంట. నెలన్నర."

"మరి నీ లీవు?"

"నేను మొత్తుకునేదీ అదే గదా! శుక్రవారం నా టికెట్టు. పెట్టె కట్టి తాడు గూడ బిగించినా. బాబా సంతకం లేందే దేశం దాటేదానికి లేదు. సంతకం పెట్టు బాబా అంటే, నువ్వు లేకుండా కుక్క తిననీ, అప్పుడు చూద్దాం ఇన్షాల్లా అన్నాడు."

"ఇన్షాల్లా అన్నడా? అంటె ఔననా, కాదనా?"

"అవుననే."

"నాకు గూడ గట్లనే అన్నడు, నిరుడు కొత్త పరుపు అడిగితె."

"ఇచ్చినాడా?"

"ఇంక ఇన్షాల్లా మీదనే పంటున్న."

"గమ్మునుండు. ఇంగో తూరి పిలువు దాన్ని."

"నీ కొడుక్కు ఎన్నేండ్లన్నా?"

"మూడు నిండినాయి. నేను ఈడికొచ్చిన నాలుగు నెలలకు పుట్టినాడు."

"ఒక్కపారి గూడ సూడలే."

"ఫోటో చూసినా."

"వాణ్ని ఏమని పిలుస్తవ్?"

"దానికి నీళ్లు పెట్టు. నాలుక బయటేసింది."

"బుజ్జోడు అనే గదా?"

"నీళ్లు పెట్టమంటి గదా!"

"పెడుతున్న, పెడుతున్న. అగో, పెద్దక్క వస్తున్నది."

"ఏరా అబ్బాయిలూ, తిన్నాడా లేదా అల్లుడుగారు?"

"యాడ తిన్యాడక్కా. ఈ జలంధర్ చేత అయ్యేట్టు లేదు."

"అయ్యబాబోయ్, వంటింట్లో ఇంక తేవడానికి ఏమీ లేదురా. పొద్దున్న మేక మాంసం తెచ్చేను, నిన్న చేప తెచ్చేను. మేడం చూసిందంటే నన్నే కోసి వండమంటుంది. సరేగానీ రామాంజులూ, మీ ఊరి ఫయాజ్ లీవు నుంచి వస్తూ తెచ్చిన క్యాసెట్టు విన్నావా? మీ ఆవిడ మాట్లాడి పంపిందే, అది?"

"విన్నా."

"ఏమంటుంది?"

"బాగుండాం అంటాది."

"గంట క్యాసెట్టులో అదొక్క మాటేనా?"

"అంతే."

"అబద్ధం పెద్దక్కా. నిన్న పొద్దుందాక కారుల కూసొని ఇన్నడు. పిలిస్తె పలుకలే."

"ఏంట్రా? పిల్లాడికి ఒంట్లో బాగోలేదా?"

"బాగుండాడు. అన్నం తినల్లంటే నేను పంపిన క్యాసెట్టు పెట్టల్లంట. నా గొంతు ఇనపడితేనే నోరు తెరుస్తాడంట."

"పోన్లే, తింటున్నాడు కదా."

"తింటాడు. తిని, టేపురికార్డు యెనక్కి పోయి చూస్తాడంట."

"ఏం చూస్తాడు?"

"నేనుండానేమో అని. మీ నాయన యాడరా అని ఎవురన్నా అడిగితే టేపురికార్డును చూపిస్తాండాడంట."

"అయ్యో నా తండ్రి."

"నాయనంటే పెట్టె కాదు, మనిషి అని వానికి తెలియల్ల గదక్కా. ఈ తూరి పోకపోతే ఇంగ రెండేండ్లు. అప్పుటికి బడికి పోతాంటాడు."

"అందుకా ఇంత పట్టుదల! నోరు తెరిచి చెప్పవేంట్రా మనిషివి?"

"అన్నా! పెద్దక్కా! ఆగుండ్రి. పిలగాడు తింటె కుక్క తినదా?"

"ఏంది?"

"నీ గొంతు క్యాసెట్ల పట్టి ఇల్లుబండ్ల పెడదం. పొద్దుగాల ఓపారి, మాపటికి ఓపారి నేను బటన్ ఒత్తుత. నువ్వు ఊరికి పో, నీ గొంతు సిరియాకు పోతది. నేను గూడ దాని ఎంట సిరియా సూసొస్త."

"పనయ్యేటట్టే ఉందిరా రామాంజులూ. ఖాళీ క్యాసెట్టు ఉందా?"

"ఒకటుండాది, అరవై నిమిషాలది. ఇంటికి పంపుదామని కొనింటి. ఇప్పుడు నేనే పోతాండా గదా, ఇంగ దాంతో పనేముంది?"

"తే మరి. జలంధరూ, నా టేపురికార్డు కూడా పట్రా, వంటింటి కిటికీలో ఉంది. యల్లా, యల్లా, తొందరగా!"

"తెచ్చిన. ఇగో, ఒత్తిన. మాట్లాడన్నా."

"ఏం మాట్లాడల్ల?"

"గిది గూడ ఎక్కింది అండ్ల. రోజు దానితోని ఏం మాట్లాడుతవో గదే మాట్లాడు."

"మీరు పక్కకు పోండి."

"పోమురా. కానీ."

"బుజ్జోడా. నేనే. ఇటు చూడు. తిను నాయనా, తిను. కాలతాందా? ఆరినాకే తిను. కింద పారేయగాకు. కొత్త దేశం పోతాండావు, ఎవురు పిలిచినా పోగాకు. ఎండలో తిరగగాకు. తిన్నావా? ఇంగొక్క ముద్ద. మా నాయన గదా. అమ్మను సతాయించగాకు. నేనొస్తా గదా, నేనొచ్చినాక మనిద్దరం..."

"అన్నా."

"ఏంది?"

"కుక్కకు అమ్మ యాడున్నది?"

"తుడిపేయి ఆ మాట."

"వద్దు జలంధరూ, ఉండనీ. బాబాగారికి తెలుగు రాదు. రామాంజులూ, నువ్వు గేటు అవతలికి వెళ్ళు. దానికి కనపడకూడదు, నీ వాసన కూడా తగలకూడదు."

"అంత దూరమా?"

"మీ ఊరు అంతకంటే దూరం. వెళ్ళు."

రామాంజులు గేటు దాటి, గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు.

"పెట్టినావా జలంధరూ?"

"పెట్టిన. చెవులు లేపింది."

"లేపిందా!"

"తోక ఊపుతున్నది. టేపురికార్డు ఎనక్కి పోయింది అన్నా."

"యెందుకు?"

"సూడనీకి."

"చూసి?"

"వచ్చింది. మళ్ల పోయి సూసింది."

"ఇంగ చాలు, ఆపేయప్పా."

"తింటున్నది! అన్నా, తింటున్నది! గిన్నె నాకుతున్నది!"

"అంతా తినేసిందా?"

"అంతా."

"నేను లేకుండానే?"

"గదేందన్నా, మనకు కావల్సింది గదే గదా?"

"అదే. అదేలే. నీళ్లు పెట్టు."

నమాజు అయ్యాక బాబా వచ్చాడు. రెండుసార్లు క్యాసెట్టు పెట్టించాడు, రెండుసార్లూ కుక్క గిన్నె ఖాళీ చేసింది. ఇదెలా సాధ్యమైందో చెప్పమని, అరబ్బీ వచ్చిన పెద్దక్కను లోపలికి పిలుచుకుపోయాడు. రామాంజులు, జలంధర్ ఇల్లుబండి మెట్టు మీద కూర్చున్నారు.

"నవ్విండన్నా బాబా. నేను సూసిన."

"నవ్వినాడా, గడ్డం గోక్కున్నాడా?"

"రెండూ."

"సంతకం పెడతాడంటావా?"

"పెట్టకేం జేస్తడు? మాట మాటే గదా. నువ్వు బొంబాయిల దిగంగనే మా అవ్వకు ఒక్క ఫోన్ గొట్టు. రాములవ్వ అని చెప్తె మా ఊర్లె షావుకారి పిలుస్తడు. ఖతర్ నుంచి అనకు, ఆమెకు తెల్వది. దుబాయ్ నుంచి అను."

"అంటాలే."

"పెట్టెల ఏం తీస్కపోతున్నవ్?"

"దుప్పటి, టార్చిలైటు. బుజ్జోనికి కారు బొమ్మ. తాళం తిప్పితే అదే పోతాది."

"వాడు నిన్ను ఎట్ల గుర్తు పడతడన్నా?"

"మొగం తెలీదు. గొంతు తెలుసు గదా. నేను లోపలికి పోను. వాకిట్లోనే నిలబడి బుజ్జోడా అని పిలస్తా. మొదలు టేపురికార్డు యెనక్కి పోతాడు. ఆడ నేనుండను. మళ్ళీ పిలస్తా. అప్పుడు బయటికొస్తాడు."

"ఇన్ని మాటలు ఒక్కపారే మాట్లాడంగ నిన్ను ఇప్పుడే ఇంటున్న."

"గమ్మునుండు. పెద్దక్క వస్తాంది. చేతిలో ఏందో ఉండాది చూడు."

"కాగితమే! యాడికి పోతది?"

"అక్కా, ఇచ్చినాడా?"

"ఇచ్చేరు. ఇచ్చేరులే. ముందు టీ తాగుతారా? పెట్టుకొస్తాను."

"టీ వద్దక్కా. ఏమన్నాడు?"

"చాలా సంతోషపడ్డారురా. మాషా అల్లా, మాషా అల్లా అని నాలుగుసార్లన్నారు. ఇంత తెలివైన డ్రైవరు ఈ వీధిలోనే లేడన్నారు."

"సంతకం పెట్టినాడా?"

"అదే చెప్తున్నాను. కుక్క ఇంక నీకోసం బెంగపెట్టుకోదు గదా, దాని దగ్గర నీకు పని లేదన్నారు."

"అంతే గదా! మనం అడిగిందీ అదే గదా!"

"మేడం తమ్ముడికి నడుం నొప్పంట. అంత దూరం నడపలేడంట. నీ చేతులు ఖాళీ అయ్యేయి కాబట్టి స్టీరింగు దగ్గర నిన్ను కూర్చోమన్నారు. జలంధరు వెనకాల బటను నొక్కుతాడు."

"నేనా? నేను శుక్రవారం ఊరికి పోతాండా గదక్కా! చెప్పలేదా నువ్వు?"

"చెప్పేను. ఒట్టురా, చెప్పేను. అసలు నాదే తప్పు, నోరు ఊరుకోలేదు. ఈ క్యాసెట్టు ఆలోచన మీకెలా వచ్చిందని అడిగితే మీ బుజ్జోడి సంగతి చెప్పేను. వాడు వాళ్ళ నాన్న గొంతు వింటేనే తింటాడని. జాలి పడతారనుకున్నానురా."

"పడలేదా?"

"పడ్డారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. లోపలికి వెళ్ళి, పెట్టె వెతికి మరీ తెచ్చేరు. ఇదుగో, చెయ్యి పట్టు."

"ఇది కాగితం కాదే."

"కాదు. కొత్తది, ఇంకా రేపరు కూడా విప్పలేదు. కుక్కకి అరవై నిమిషాలది సరిపోయింది, పిల్లాడికి మాత్రం తొంభై నిమిషాలది పంపమన్నారురా రామాంజులూ."