దాలప్ప కార్డు

ఎన్నిసార్లు సెప్పాల తల్లీ, నాకు టోకెను అక్కర్నేదు! నాను డబ్బులు ఎయ్యడానికీ రానేదు, తియ్యడానికీ రానేదు. ఆ గేటుకాడ బాబేమో లైన్లో నిలబడమంతాడు. లైన్లో నిలబడితే నా గుట్టు కాస్తా బయటపడిపోతాది. రెండంటే రెండు నిమిసాలు, ఆ కంపూటరు మీంచి కల్లు తిప్పి నాకేసి సూడు అనూరాధమ్మా.

మా బుల్లమ్మ నేదూ, మా ఆయన సెల్లెలు? దాని కూతురికి పెల్లి కుదిరినాది. సిక్కోలు బట్టల కొట్టుకని అందరం ఆటోలో బయలెల్లినాం. అరసవల్లి వచ్చీసరికి దానికేటి బుద్ది పుట్టినాదో, 'వొదినా, నీ బేంకు ఇదే కదా, నాను కూడా నీలాటి ఖాతా తెరిపించుకుంతాను' అని ఆటో ఆపించీసినాది! ఇప్పుడు ఆదార్ కార్డు జెరాక్సుకి పక్క కొట్టుకెల్లినాది. అది వచ్చీలోగా నువ్వు నా మాట ఇనాల.

నాను ఎవులో గుర్తున్నాదా? దాలమ్మని, మా వీదోలకి దాలప్పని. శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డు. సేపలమ్ముతాను. ముక్కు మూసుకోకమ్మా, ఈయేల గంప తేనేదు, తలంటుకుని మరీ వచ్చినాను.

ఆఁ, ఆ కేష్‌బేకు ఖాతా! నువ్వే కదా తెరిచినావు, పెద్దనోట్లు మారిన యేడు. మా ఆయన గంగులు బోటు తిరగబడి పోయిన రెండేల్లకి గవర్నమెంటు డబ్బులు ఇచ్చినాది. ఎక్కడ పెట్టాలో తెలవక నీ కాడికొస్తే ఏటన్నావు? 'పెద్దమ్మా, ఇందులో పదివేలు కదపకుండా ఉంచు. కార్డు గీకిన ప్రతి వందకీ నాలుగు రూపాయిలు నీకు తిరిగొస్తాయి. నెలకి అయిదొందలు మాత్రం దాటదు' అన్నావు.

నాను నమ్మనేదు. కొట్టోడు గుప్పెడు కొసరు ఎయ్యడానికే ఏడుస్తాడు, బేంకోలు ఊరికినే డబ్బులిస్తారేటి? సరే సూద్దామని పప్పూ నూనే కొని గీకినాను. పై నెల ముప్పై రెండు రూపాయిలు పడినాయి. ఓలమ్మో! ఆ ముప్పై రెండూ కొంగున కట్టుకుని వీదంతా సెప్పుకు తిరిగినాను.

అప్పుడు లెక్కేసినాను. అయిదొందలూ రావాలంటే పన్నెండు వేల అయిదొందలకి కొనాల. ఒంటి ముసిల్ది అంత సొమ్ముకి ఏటి కొంతాది, బోటా? వీదిలో మిగతావోలకి కొనీ పనులున్నాయి గాని, పదివేలు కదపకుండా ఉంచీ సత్తువ నేదు. అందుకని నా కార్డు కాస్తా వీది కార్డు అయిపోనాది. ఆలు నాకు డబ్బులిస్తారు. నాను ఖాతాలో ఏసి, ఆలతో కొట్టుకెల్లి గీకుతాను. కేష్‌బేకు పడినాక తీసి ఆల సేతుల్లోనే పెడతాను. అందులో రూపాయి ఉంచుకోను, గంగులు మీదొట్టు.

ఎంత బాగా నడిపినాననుకున్నావు! పక్కింటి తాతమ్మ ఫ్రిజ్జు కొంతానంటే, 'ఈ నెల అయిదొందలూ నారాయనమ్మ మంచానికీ బీరువాకీ అయిపోనాయి, ఒకటో తారీకు దాకా ఆగవే' అన్నాను. ఆగినాది! నడి ఎండల్లో, కుండలో నీల్లు తాగుతా ఆగినాది! మా సర్పంచి మాట కూడా అలగ సెల్లదు తల్లీ.

నవ్వుతన్నావా? నవ్వు, నవ్వు. అసలు సంగతి ఇంకా సెప్పనేదు.

మా కాడ మొగుడు పోయినదాన్ని పెల్లి సీరలు కొనీకాడికి పిలవరు. ఎవులూ తిట్టరు, పొమ్మనరు. పిలవరంతే. ఆడోలు కిక్కిరిసిన ఆటో నా గుమ్మం ముందునుంచే ఎలిపోయీది. నాను సేపలకి ఉప్పు పట్టించుకుంటా, సూడనట్టు కూకుండీదాన్ని.

మా వీది కూర్మమ్మ కూతురి పెల్లికి మాత్రం నన్ను తీసుకెల్లక తప్పనేదు. మరి కార్డు నాది కదా! కొట్టుకాడ నాను లోపలికెల్లనేదు. మెట్లమీద, సెప్పుల పక్కన కూకున్నాను. నా సెయ్యి ఆ సీరలకి తగలకూడదని నాకు మాత్రం తెలవదేటి? లోపల బిల్లయినాది. 'కార్డు ఎవరిదండీ, వచ్చి పిన్ను కొట్టండి' అని కౌంటరోడు కేకేసినాడు. ఎల్లినాను. నాలుగంకెలూ కొట్టినాను. ఆడికేటి తెలుసు పాపం, పెల్లి సీర సంచి తీసి తిన్నగా నా సేతుల్లో పెట్టీసినాడు!

కూర్మమ్మ నాకేసి సూసినాది, నాను కూర్మమ్మకేసి సూసినాను. అది ఏటనుకున్నాదో ఏటో, 'బరువుంటాది అప్పా, జాగర్త' అన్నాది. అంతే! ఆ సంచి ఇంటిదాకా నా ఒల్లోనే ఉన్నాది. ఆ పిల్లకి ఇప్పుడు ఆరో నెల, సుబ్బరంగా ఉన్నాది.

అప్పట్నుంచి ఆటోలో కిటికీ సీటు నాదే. కొట్లో పరుపు మీద నడిమద్దెన కూకోబెట్టి, 'దాలప్పా, ఈ అంచు బాగున్నాదా? దాలప్పా, నువ్వు బేరమాడు' అంతారు. నాకు రంగులు సరిగ్గా ఆనవు తల్లీ. ఆనినట్టే సెప్పీస్తాను.

అలగ బతుకుతంటే నువ్వేటి సేసినావు? వైసాకంలో ఇదే కుర్సీలో కూకుని, 'ఆ ఆఫరు ఎత్తేసారు పెద్దమ్మా' అన్నావు. ఎంత సులువుగా అనీసినావు!

నాను ఎవులకీ సెప్పనేదు.

అలగ సూడకు. లక్ష్మీనరసమ్మ పెల్లి బట్టలకి నాలుగొందల ఎనబై, ఇంకొకలికి మూడొందలు, 'ఇదిగో కేష్‌బేకు పడినాది' అని ఇచ్చినాను. నా సేపల డబ్బులే. వాసనొస్తే బేంకువి కావని పట్టీస్తారని, నోట్లకి పౌడరు రాసి మరీ ఇచ్చినాను. ఆయమ్మ వాటిని కల్లకి అద్దుకుని, 'బేంకు డబ్బులు బేంకు డబ్బులే అప్పా, ఎంత మంచి వాసనో!' అన్నాది. నాకు నవ్వూ వచ్చినాది, ఏడుపూ వచ్చినాది.

అందుకని, బుల్లమ్మకి ఆఫరు నేదని సెప్పకు. 'ఇప్పుడు లచ్చ రూపాయిలు ఉంచాలి' అను, సాలు. అదే పారిపోతాది. అబద్దమా? పోనీ, ఏటీ అనొద్దు, బోజనానికి లేచిపో. పదకొండున్నరకి బోజనమేటని ఎవులడుగుతారు, బేంకులో?

ఏటన్నావు? డబ్బులు పోగొట్టుకోడం ఎందుకు, నిజం సెప్పినా ఆలు నన్ను పిలుస్తారంతావా?

పిలుస్తారేమో. కూర్మమ్మ అయితే పిలుస్తాది, అది మంచిది. బుల్లమ్మ సంగతి నాకు తెలవదు. తోడబుట్టినోడు పోనాక అది నా గడప తొక్కనేదు, ఈ పెల్లికే తొక్కినాది. ఆ పెల్లికూతురు పుట్టినప్పుడు మొదటి నీల్లు పోసింది నాను. ఈ కాల్ల మీద పడుకోబెట్టుకుని పోసినాను. కార్డు నేకపోయినా అది నన్ను పిలుస్తాదో నేదో సెప్పి సూడ్డానికి నాకు గుండె సాలడం నేదు తల్లీ. సముద్రానికి బయపడనేదు గాని దీనికి బయపడతన్నాను.

అదిగో, కాయితాలు ఊపుకుంటా వచ్చీసినాది. కల్లు తుడుసుకో, నీకెందుకు ఏడుపు? ఈ ఒక్క సీరా కొననీ. రేపట్నుంచి మైకెట్టి ఊరంతా సెప్పుకో, నాను అడ్డు రాను.

రాయే బుల్లమ్మా, రా! మేడంగారికి కాలీ నేదంట.