అబూ గత్తాస్ వంటింట్లో మంచు

రఫ్కా చేతిలో దుకాణంవాడిచ్చిన కాగితం ఉంది. దాని మీద రెండు బొమ్మలు. రెండూ వంటింటి గట్టు కింద పట్టేంత చిన్న వైన్ కూలర్లే. ఒకదానికి మోటారు ఉంది, రెండోదానికి లేదు. మోటారున్నది గురగురలాడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. లేనిది పిల్లిలా మూల పడుంటుంది. దుకాణం మూసేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి, ఎందుకంటే ఆమె వంటింట్లో ఆరు సీసాలు ఉడికిపోతున్నాయి.

అవి తమ్ముడు మన్సూర్ సీసాలు. బెకా లోయలోని తోటలో తన ద్రాక్ష తనే కోసి, తన కాళ్ళతోనే తొక్కి తీసిన ఆఖరి వైన్. వసంతంలో పోయాడు. పోయే ముందు ఆసుపత్రి మంచం మీంచి, "ఏటా సెప్టెంబర్లో శిలువ పండక్కి ఒకటి విప్పుకో అక్కా, ఇంకో ఆరేళ్ళు నీకు నా గోల తప్పదు" అని నవ్వాడు. ఇప్పుడు ఆగస్టు. పై అంతస్తులో, కప్పు కిందనే ఉన్న ఆ వంటిల్లు కొలిమిలా ఉంది. నిన్న ఒక సీసా బిరడా గోరంత పైకి పొడుచుకొచ్చింది. ఆమె బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కి, చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

బీరూట్‌లో ప్రభుత్వం కరెంటు ఇవ్వడం ఎప్పుడో మరిచిపోయింది. వీధికో జనరేటరు, జనరేటరుకో దొర, ఇంటికి ఐదు ఆంపియర్లు. వెలుతురు అందరి హక్కు అని గోడల మీద రాసినవాళ్ళు ఆ గోడల పక్కనే చీకట్లో కూచున్నారు. ఐదు ఆంపియర్లలో ఫ్రిజ్ తిరిగితే ఇస్త్రీపెట్టె వేడెక్కదు, ఇస్త్రీ చేస్తే ఫ్యాను ఆగాలి. రఫ్కా బట్టలు కుట్టి బతికే మనిషి, ఇస్త్రీ లేకపోతే పని సాగదు. చనిపోయిన తమ్ముడు కూడా ఆ ఐదింటిలోనే సర్దుకోవాలి.

జైతావి మెట్ల వీధిలో సలహా కావాలంటే వార్తాన్ సెలూన్ ముందుకే రావాలి, రఫ్కా కూడా అక్కడికే వచ్చింది. కరెంటు పోయి క్లిప్పరు ఆగిపోవడంతో వార్తాన్ కుర్చీని పేవ్‌మెంటు మీదికి లాగాడు. అందులో మెడకు తెల్లగుడ్డ కట్టుకుని, సింహాసనం మీద ఉన్నట్టు అబూ గత్తాస్ కూచున్నాడు. రేవులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపి రిటైరైనవాడు. జనరేటరు వైర్లు చూసే నౌఫల్ మెట్టు మీద కూచుని ఒక తీగ చివర ఒలుస్తున్నాడు.

"మోటారు లేనిదే," అన్నాడు అబూ గత్తాస్, కాగితం వైపు చూడకుండానే. "నేనదే కొన్నాను, ఎలా కొన్నానో చెప్తా విను చెల్లమ్మా. దుకాణంలో పదకొండు కూలర్లు వరసగా ఆన్ చేయించి, ఒక్కోదాని మీద నిండు కాఫీ కప్పు పెట్టించాను. ఎందుకో తెలుసా? వైన్ నిద్రపోయే పసిపిల్ల లాంటిది, కుదిపితే చెడిపోతుంది. మోటారున్నవాటి మీద కాఫీ వణికింది. ఒక్కదాని మీద మాత్రం అద్దంలా నిలిచింది. దాన్నే మోయించుకొచ్చా."

ఇది బుద్ధిగల పనిలాగే ఉంది అనుకుంది రఫ్కా. "లోపల చల్లదనం ఎంత ఉంటుందన్నా?"

"పన్నెండు డిగ్రీలు. బయట నలభై ఉండనీ, నరకమే ఉండనీ, పన్నెండు."

"మరి కరెంటు పోతే?"

"ఆ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నా! జూలైలో జనరేటరు మూడు రోజులు పడకేసింది గుర్తుందా? వీధంతా ఫ్రిజ్‌లోని మాంసం పారబోసుకుంది. నేను తలుపు తీసి చూశానా, పన్నెండు! మూడోరోజు చూశానా, తొమ్మిది! కరెంటు లేకపోతే దానికి ఇంకా హుషారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు వార్తాన్. ఊరికే నిలబడ్డ మంగలికి ఇంతకంటే ఏం కావాలి.

"లోపల చోటు చాలక చలి బయటికొచ్చింది. ముందు వంటిల్లు, తర్వాత హాలు, తర్వాత మెట్లు. పక్కింటి ముసలమ్మ జూలైలో స్వెటర్ తొడుక్కుని చర్చికి పోయింది, కావాలంటే అడగండి, కాకపోతే ఆవిడకి చెవుడు. ఆదివారం పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళు స్కీయింగు కర్రలు భుజానేసుకుని తలుపు కొట్టారు. 'బాబాయ్, సన్నీన్ కొండ మీద మంచు కరిగిపోయింది, మీ వంటింట్లో ఉందటగా' అన్నారు. ఎలా కాదంటాను? పొయ్యి దగ్గర్నుంచి బాల్కనీ దాకా జారుకున్నారు."

"నీ వంటిల్లు నాలుగడుగులు కూడా లేదు కదన్నా," అన్నాడు వార్తాన్.

"అందుకే నెమ్మదిగా జారారు."

మెట్లెక్కి పోతున్నవాళ్ళు కూడా ఆగారు. జనం పెరిగేకొద్దీ అబూ గత్తాస్ గొంతు పెరిగింది.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ప్లగ్గు పీకి చూద్దును కదా, గోడలోంచి కూలర్లోకి కాదు, కూలర్లోంచి గోడలోకి పోతోంది కరెంటు! నాలుగేళ్ళుగా కదలని మా లిఫ్టు గంట కొట్టుకుంటూ పైకొచ్చింది. అందులోంచి ఎవరు దిగారో తెలుసా? జనరేటరు దొర! టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని, 'అయ్యా, ఒక్క రెండు ఆంపియర్లు ఇప్పించండి, పిల్లలు గలవాణ్ణి' అన్నాడు. 'వచ్చే నెల చూద్దాం, ఇప్పుడు లోడ్ ఎక్కువైంది' అని తలుపేశా."

ఆ మాటకు వీధి ఫక్కున నవ్వింది. దొర దగ్గర జీతం తీసుకునే నౌఫల్ తల వంచుకుని మరీ నవ్వాడు. అబద్ధమని తెలియనివాళ్ళు లేరు. అయినా ఆ చేతుల్లోని టోపీని అందరూ ఒక్క క్షణం కళ్ళారా చూసుకున్నారు.

"ఇక వైన్ మాటకొస్తే, దాని వయసు తగ్గుతోంది! పదేళ్ళది ఐదేళ్ళదయింది, ఐదేళ్ళది నిన్నటిదయింది. మొన్న సీసా ఎత్తి చూస్తే లోపల ద్రాక్షగుత్తి వేలాడుతోంది, బిరడా చిగురేసింది. నేను దానికి నీళ్ళు పోస్తున్నా."

రఫ్కా కూడా నవ్వింది. మంచునీ లిఫ్టునీ చిగురునీ అక్కడే వదిలేసింది. కానీ వణకని కాఫీని, పన్నెండు డిగ్రీలని మనసులో కట్టుకుంది. ఎంత కోతలరాయుడైనా మొదట ఒకటి రెండు నిజాలు చెప్పకుండా మొదలుపెట్టడు కదా. ఫోన్ తీసి దుకాణం నంబరు నొక్కింది.

"మోటారు లేనిదే పంపించమంటాను. మన్సూర్ నిద్ర చెడకుండా ఉంటుంది."

మన్సూర్ పేరు వినగానే అబూ గత్తాస్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. మెడ దగ్గరి గుడ్డను సర్దుకున్నాడు.

"అత్తా, ఒక్క నిమిషం," అన్నాడు నౌఫల్. "బాబాయ్, పోయిన వారం మీ ఇంట్లో బ్రేకర్ బాగుచేయడానికొచ్చా కదా. పిన్ని భోజనం పెట్టింది. సలాడ్‌లో పులుపు అదిరిపోయింది. ఇంత మంచి వెనిగర్ ఎక్కడ కొన్నావు పిన్నీ అని అడిగా. 'కొనడమెందుకురా, ఎనిమిది సీసాలుంది, నువ్వూ ఒకటి పట్టుకుపో, అంతా మీ బాబాయ్ కూలర్లో తయారైందే' అంది."

ఈసారి నవ్వు ఆలస్యంగా వచ్చింది, వచ్చాక ఆగలేదు. రఫ్కా ఒక్కతే నవ్వలేదు. ఫోన్‌లో దుకాణంవాడు హలో హలో అంటున్నాడు. ఆమె దాన్ని కట్ చేసింది.

"లోపల ఎంత ఉండేదన్నా? నిజం చెప్పు."

"ఇరవై ఐదు." మొదటిసారి అతని గొంతు పక్కవాడికి మాత్రమే వినపడేంత తగ్గింది. "మోటారు లేనిది గది వేడిలోంచి పదిహేను డిగ్రీలు దించుతుంది. అంతకు మించి దానివల్ల కాదు. గది నలభై ఉంటే అదేం చేస్తుంది పాపం. బిరడాలు ఒక్కొక్కటే పైకొచ్చాయి."

"తెలిసీ నాకు అదే కొనమన్నావా? అవి ఆరు సీసాలు కావన్నా, ఆరేళ్ళు. నా తమ్ముడికి మిగిలిన ఆరేళ్ళు!"

"కాఫీ మాత్రం నిజంగా వణకలేదు చెల్లమ్మా," అన్నాడు అబూ గత్తాస్. "ఎనిమిదీ పాడయ్యాయని ఇంతమందిలో ఎలా ఒప్పుకోను? చెప్పడం మొదలుపెడితే అది దానంతటదే పోతుంది, నాకు బ్రేకు దొరకదు. మోటారున్నదే తీసుకో. వెనక గోడకి బెత్తెడు ఖాళీ వదులు. వంటింట్లో వద్దు, నువ్వు పడుకునే గదిలో ఉత్తరపు మూల పెట్టుకో."

"ఇస్త్రీ వేసేటప్పుడు మాత్రం ఆపెయ్యి అత్తా," అన్నాడు నౌఫల్. "ఐదు ఆంపియర్లలోనే నెట్టుకొస్తుంది. నేనొచ్చి బిగిస్తా."

రఫ్కా తన పాత గౌను జేబులో ఫోన్ పడేసుకుంది. రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగింది.

"లే అన్నా. ఆ గుడ్డ విప్పేసి నాతో దుకాణానికి రా."

"నేనా?" అబూ గత్తాస్ చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. "ఇంత జరిగాక నా మాట ఎవరు వింటారు?"

"నీ మాటెవరిక్కావాలి? కూలర్ నేను ఎంచుకుంటా. దుకాణంవాడు ఎలాగూ కోతలు కోస్తాడు. పక్కన నువ్వు నిలబడితే, పోటీకి రాలేక నిజం చెప్తాడు."